పాత కిటికీలు మార్చాలంటే: ముందు గోడను చూడండి, తర్వాత అంగడికి పోండి

మా ఇంటి కిటికీలు మార్చి మూడేళ్ళవుతోంది. అప్పటినుంచి వీధిలోవాళ్ళు, చుట్టాలు, ఆఖరికి పెళ్ళి భోజనాల్లో పక్క విస్తరి ముందు కూర్చున్నవాళ్ళు కూడా అడిగేది ఒకటే మాట: "యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) మంచిదా, అల్యూమినియం మంచిదా?" నేను తిరిగి ఒకటే అడుగుతాను: "ఏ గోడకు?" వాళ్ళకు విసుగొస్తుంది. కానీ తిరుపతిలో పడమటి గోడకు పనికొచ్చే కిటికీ తూర్పు గోడకు పనికిరాదు. ఇల్లంతా ఒకే రకం బిగించేసి చేతులు కాల్చుకున్నవాణ్ణి కాబట్టి వరసగా చెబుతాను.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- స్టీలు టేపు. గుడ్డ టేపు వద్దు, సాగుతుంది.
- రసమట్టం. లేకపోతే ఫోనులో మట్టం చూపే యాప్ చాలు.
- స్క్రూడ్రైవరు, చిన్న సుత్తి.
- ఒక అయస్కాంతం, ఒక గోలీ, ఒక అగరబత్తి, చింపడానికి పాత పేపరు. నవ్వకండి, నాలుగింటికీ పని ఉంది.
- నోటుబుక్కు. కిటికీకి ఒక పేజీ.

1. మార్చాలా, బాగుచేయిస్తే సరిపోతుందా?

స్క్రూడ్రైవరు మొనతో చట్రం అడుగు కొయ్యను, కింది మూలలను గట్టిగా పొడిచి చూడండి. మొన దిగబడితే కొయ్య చెడినట్టే. సుత్తితో తట్టినప్పుడు డొల్లగా మోగితే లోపల చెదలు తినేశాయి. ఈ రెండూ లేకుండా, రెక్కలు మాత్రం వాలిపోయి వానాకాలంలో ఉబ్బి మూతపడకపోతుంటే ఆచారిని (వడ్రంగిని) పిలవండి. బందులు మార్చి, అంచులు చిత్రిక పట్టిస్తే ఇంకో పదేళ్ళు నడవొచ్చు. గట్టిగా ఉన్న పాత టేకు చట్రాన్ని పీకించి తర్వాత బాధపడినవాళ్ళు నాకు తెలుసు.

చెదలు కనిపిస్తే ముందు మందు కొట్టించండి, కిటికీ తర్వాత. కొయ్య తీసేసి ప్లాస్టిక్ పెట్టినంత మాత్రాన చెదలు ఊరు విడిచి పోవు. గోడలోనే ఉండి అలమర తలుపులకు ఎగబాకుతాయి.

2. ప్రతి కిటికీ పేజీ మీద దిక్కు రాయండి

అందరూ దాటేసేది దీన్నే. ఓ ఆదివారం పొద్దునా, మధ్యాహ్నం మూడు దాటాకా, సాయంత్రం ఐదింటికీ గదుల్లో తిరిగి ఎండ ఎక్కడిదాకా వస్తోందో రాసుకోండి. వానలో తడిసిన గోడ ఏదో ఇంట్లో ఆడవాళ్ళకు బాగా తెలుస్తుంది, తుడిచేది వాళ్ళే కాబట్టి.

పడమర: 40 డిగ్రీలు దాటే వేసవిలో మధ్యాహ్నం తర్వాత సూర్యుడు కిందికి వాలి సూటిగా కిటికీలోకి కొడతాడు. సజ్జ పైనుంచి దిగే ఎండను ఆపుతుంది, ఎదురుగా వచ్చేదాన్ని ఆపలేదు. లోపలి పరదా కూడా ఇక్కడ పెద్దగా అక్కరకు రాదు, ఎందుకంటే అద్దం దాటి వచ్చిన వేడి అప్పటికే ఇంట్లో ఉంది. పడమటి కిటికీకి నీడ బయట ఉండాలి: వెదురు తడక, వట్టివేళ్ళ తెర, ఎదురుగా ఒక చెట్టు, ఏదైనా సరే. అద్దం ఎంత తక్కువ ఉంటే అంత మంచిది.

తూర్పు, ఉత్తరం: మన ప్రాంతానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి. వాయుగుండం పట్టిందంటే చినుకు నిలువుగా పడదు, గాలితో పాటు గోడకు అడ్డంగా కొడుతుంది. 2021 నవంబరులో ఊళ్ళోకి నీళ్ళొచ్చిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఈ గోడలకు అద్దం రంగు కంటే అంచుల రబ్బరు, నీళ్ళు బయటికి పోయే దారి ముఖ్యం.

దక్షిణం: చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. తిరుపతి దాదాపు 13.6 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ చివరి వారం నుంచి ఆగస్టు మధ్యదాకా మిట్టమధ్యాహ్నపు సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అంటే మండు వేసవిలో దక్షిణపు కిటికీలోకి మధ్యాహ్నపు ఎండ రాదు. వచ్చేది సంక్రాంతి రోజుల్లో, అప్పుడు ఆ ఎండ హాయిగానే ఉంటుంది. దక్షిణానికి ఖరీదైన అద్దం వేయించమని ఎవరైనా చెబితే ఆ డబ్బు పడమటికి మళ్ళించండి.

వాస్తు మీ ఇష్టం. అయితే వాస్తు కోసం కిటికీ వెడల్పు పెంచాలనుకుంటే ఇంజనీరుకు చూపించకుండా గోడ కొట్టనివ్వకండి. పైనున్న లింటెల్ (కిటికీ మీది అడ్డ దూలం) రెండు పక్కలా గోడ మీద ఆనుకుని ఉంటుంది. పక్కలు చెక్కితే ఆ ఆధారమే పోతుంది.

3. ఎలా తెరుచుకోవాలో తేల్చుకోండి

పక్కకు జరిపే కిటికీ చూడ్డానికి బాగుంటుంది, చోటు తినదు, ధర కూడా తక్కువ. కానీ రెండు రెక్కలది ఎంత జరిపినా సగమే తెరుచుకుంటుంది. నా తప్పు ఇదే. వంటింట్లో పాత కొయ్య కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరుచుకునేది. దాని స్థానంలో జరిపేది పెట్టించాను. మొదటిరోజు ఎండుమిరపకాయలు వేసి తాలింపు పెట్టేసరికి ఇంటిల్లిపాదీ దగ్గుకుంటూ వరండాలో తేలాం. ఏడాది తిరక్కుండా దాన్ని తీయించి రెక్క తెరిచేది పెట్టించాను, అదనపు ఖర్చుతో సహా.

వంటింటికి, గాలి వచ్చే వైపు పడకగదికి రెక్క తెరిచేదే తీసుకోండి. మూసినప్పుడు రెక్క రబ్బరును నొక్కి పట్టుకుంటుంది కాబట్టి వాన, చప్పుడు రెండూ బాగా ఆగుతాయి. బస్టాండు, రైల్వే స్టేషను, కళ్యాణ మండపం దగ్గరున్నవాళ్ళు దీన్ని గట్టిగా పట్టుకోండి. జరిపేదాంట్లో రెక్కల మధ్య కుచ్చు పట్టీ ఉంటుంది గాని ఆ సందులోంచి మైకు మోత వస్తూనే ఉంటుంది. సందు పక్కనే ఉండి రెక్క బయటికి తెరిస్తే నడిచేవాళ్ళ తలకు తగులుతుందనుకుంటే, లేదా వరండాలోకి తెరిచే కిటికీ అయితే, జరిపేదే మేలు. స్నానాలగదికి అద్దపు పలకల వెంటిలేటరు చాలు, ఎక్కువ ఆలోచించకండి.

4. సరుకు

కొయ్య: టేకు, వేప రెండూ మన ఊళ్ళలో నిలబడ్డ కొయ్యలే. పైన మంచి సజ్జ ఉండి, రెండు మూడేళ్ళకోసారి రంగో వార్నిషో పట్టించే ఓపిక ఉంటే ఇవాళ్టికీ తీసివేయాల్సినవి కావు. పచ్చి కొయ్యతో చేయించకండి, ఆరేకొద్దీ మెలి తిరుగుతుంది. శేషాచలం కిందే ఉన్నాం కదా, ఎర్రచందనం దొరకదా అని మా చుట్టం ఒకాయన అడిగాడు. దొరికితే ముందు చూడాల్సింది జైలు కిటికీ అని చెప్పాను.

అల్యూమినియం: గట్టిది, చెదలు పట్టదు, సన్నని చట్రంతోనే పెద్ద అద్దాన్ని మోస్తుంది. హాల్లో వెడల్పాటి కిటికీకి బాగుంటుంది. లోహం కాబట్టి పడమటి ఎండకు కాలుతుంది, ఆ వేడిని లోపలికీ తెస్తుంది. పల్చటి సెక్షను (చట్రానికి వాడే బోలు కమ్మీ) వేస్తే గాలికి గలగలలాడుతుంది. ఆ కమ్మీ గోడ మందం ఎన్ని మిల్లీమీటర్లో అడిగి రాయించుకోండి.

యూపీవీసీ: వేడిని తొందరగా లోపలికి పంపదు, రంగులు వేయక్కర్లేదు. కానీ ప్లాస్టిక్ ఒక్కటే అద్దం బరువు మోయలేదు, లోపల ఇనుప పట్టీ ఉండాలి. అంగట్లో కోసిన ముక్క చూపించమనండి. యూరప్ ప్రమాణంలో బయటికి కనిపించే చట్రం గోడ మందం మొదటి తరగతికి 2.8 మిల్లీమీటర్లు, రెండో తరగతికి 2.5. ముక్క చూపించని అంగడి మెట్లు దిగేయండి. పెద్ద ఎండలు కాసే చోటుకు తెలుపే మంచిది. ముదురు గోధుమరంగు పడమటి గోడకు పెడితే బాగా వేడెక్కి వంగే ప్రమాదం ఎక్కువ.

ఇనుప కిటికీ అన్నిటికన్నా గట్టిది, చవకది. తుప్పు మీద కన్నేసి ఉంచగలిగితే స్టోరు గదికి, మేడమీద గదికి పెట్టుకోండి.

5. అద్దం

మామూలు చిన్న రెక్కకు 4 లేక 5 మిల్లీమీటర్లు సరిపోతాయి. నేలకు దగ్గరగా దిగే కిటికీలు, మెట్ల పక్కవి, పిల్లలు ఆడుకునే చోటు ఉన్నవి, వీటికి టఫెన్డ్ (గట్టిపరిచిన) అద్దం ఉండాలి. పగిలితే కత్తుల్లా కాకుండా చిన్న గింజల్లా రాలుతుంది. మూలలో ముద్ర చూసి తీసుకోండి. ఒకసారి గట్టిపరిచాక దాన్ని కోయడం కుదరదు. కొలత తప్పితే మొత్తం అద్దం దండగ.

చదరపు మీటరుకు ప్రతి మిల్లీమీటరు మందం రెండున్నర కిలోల బరువు. నాలుగడుగులకు నాలుగడుగుల కిటికీలో 5 మిల్లీమీటర్ల అద్దమంటే పద్దెనిమిది కిలోల పైమాటే. చక్రాలు, బందులు ఎలాంటివో అడగమనేది అందుకే.

పడమటికి వేడిని తిప్పికొట్టే రిఫ్లెక్టివ్ అద్దం వేయించండి. ఉత్త రంగు అద్దం ఎండను తనే పీల్చుకుని కాలుతుంది, గదిని చీకటి చేస్తుంది. రెండు పొరల అద్దం ఏసీ రోజంతా నడిచే గదికి, రోడ్డు పక్క గదికి తప్ప మనబోటివాళ్ళకు అవసరం తక్కువ. కిటికీలు తెరిచే బతికే ఇంట్లో రెండు పొరలు పెట్టి ఏం లాభం?

6. గ్రిల్, దోమతెర, కోతులు

కపిలతీర్థం, అలిపిరి వైపు కొండ కింద ఉన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. కోతి ముందు దోమతెర చించుతుంది, ఆ తర్వాత అరటిపళ్ళ సంగతి చూసుకుంటుంది. మీ వీధిలో కోతులు తిరిగితే గ్రిల్ బయట, స్టీలు జాలీ లోపల పెట్టండి. నైలాన్ తెర వారం నిలవదు. గ్రిల్ బయట ఉంటే రెక్కలు జరిపేవో, లోపలికి తెరిచేవో అయి ఉండాలి. బయటికి తెరిచే రెక్క కావాలంటే గ్రిల్ లోపలికి రావాలి. చాలా ఇళ్ళలో గ్రిల్ ముందే బిగించేసి, తర్వాత కిటికీ తెచ్చి, రెక్క తెరుచుకోక తలపట్టుకుంటారు. రెండూ ఒకే రోజు, ఒకే కాగితం మీద గీసుకోండి.

జరిపే కిటికీలో దోమతెర కావాలంటే దానికి విడిగా దారి ఉన్నదే అడగండి. వంటింటి జాలీ ఊడదీసి కడుక్కునేలా ఉండాలి, లేకపోతే ఆరు నెలలకు జిడ్డు పట్టి గాలే రాదు. పసిపిల్లలున్న ఇంట్లో కమ్మీల మధ్య సందు నాలుగంగుళాలకు మించకూడదు.

హెచ్చరిక: ఇంటి మొత్తంలో కనీసం ఒక గ్రిల్ అయినా లోపలినుంచి తెరిచేలా ఉండాలి. తాళంచెవి ఎక్కడుందో పిల్లలతో సహా అందరికీ తెలియాలి. నిప్పంటుకుంటే వాకిలి ఒక్కటే దారి కాకూడదు.

7. కొలతలు

చట్రం మొత్తం పీకించేట్టయితే ఒక గోడ నుంచి ఎదుటి గోడకు కొలవాలి. పాత చట్రం ఉంచి లోపల కొత్తది కూర్చోబెట్టేట్టయితే చట్రం లోపలి అంచుల మధ్య కొలవాలి. ఈ రెండో దారి దుమ్ము లేనిది, చవక, టైల్సు పగలవు, కానీ తెరుచుకునే చోటు ప్రతి పక్కా కొంత తగ్గుతుంది. చిన్న కిటికీలకు వద్దు.

వెడల్పు మూడుచోట్ల: పైన, నడుమ, కింద. ఎత్తు మూడుచోట్ల. రెంటిలోనూ చిన్న కొలతే తీసుకోండి. తర్వాత మూల నుంచి మూలకు రెండు ఐమూలలూ కొలిచి చూడండి. తేడా పది మిల్లీమీటర్లు దాటితే బేల్దారి (తాపీమేస్త్రి) ముందు గోడ సరిచేయాలి. అన్నీ మిల్లీమీటర్లలోనే రాయండి. "నాలుగడుగులకు అర ఇంచి తక్కువ" అనే రాతను ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు.

చిన్న కొలతలోంచి వెడల్పుకు పది, ఎత్తుకు పది మిల్లీమీటర్లు తీసేస్తే కొత్త చట్రం కొలత. ఆ సందు ఎందుకంటే యూపీవీసీ ఎండకు సాగుతుంది. మీటరున్నర పొడవు ముక్క 30 డిగ్రీల తేడాకు దాదాపు మూడు మిల్లీమీటర్లు పెరుగుతుంది. సందు లేకుండా బిగిస్తే వేసవిలో చట్రం ఉబ్బి రెక్క పట్టేస్తుంది. మీరు కొలిచినా సరే, అంగడివాళ్ళు ఇంటికొచ్చి తమ కొలతలు రాసి సంతకం పెట్టాల్సిందే. తప్పు జరిగితే ఎవరి ఖాతాలోకో అప్పుడు తేలుతుంది.

8. ధర అడగడం

మూడు చోట్ల అడగండి, ఒకే కాగితం చూపించి. చదరపుటడుగు ధర విని మోసపోకండి, అడుగులు ఎలా లెక్కిస్తారో అడగండి. 3 అడుగుల 8 అంగుళాలకు 4 అడుగుల 2 అంగుళాల కిటికీ నిజానికి పదిహేను చదరపుటడుగుల పైచిలుకు. పైకి సర్ది 4కు 4.5 అని వేస్తే 18 అవుతుంది. పది కిటికీలకు ఇరవై ఏడు చదరపుటడుగులు మీరు కొనని సరుకు. అద్దం, దోమతెర, తాళం, సిలికాన్ (సందులు మూసే జిగురు), పాతవి పీకడం, గోడ పూత, జీఎస్టీ: ఏది కలిపారో ఏది విడిగానో వరసగా రాయించండి. పాత కొయ్య ఎవరిదో కూడా. అది ఊరికే తీసుకుపోయే సరుకు కాదు.

9. బిగించే రోజు

సంక్రాంతి దాటాక ఉగాదిలోపు పెట్టుకోండి. కార్తీకంలో గోడకు బొక్క పెట్టుకుని ఆకాశం వైపు చూడటం ఎవరికీ వద్దు. రోజుకు రెండు మూడు కిటికీలు మాత్రమే పీకించండి, పీకినవి ఆ సాయంత్రానికి మూతపడాలి.

మీరు దగ్గరుండి చూడాల్సినవి:

- కింది గట్టు బయటికి వాలి ఉండాలి. గ్రానైట్ పలక వేస్తే బయటి అంచు అడుగున చిన్న గాడి కోయించండి. అది లేకపోతే నీళ్ళు పలక కిందుగా పాకి గోడలోకి దిగుతాయి.
- చట్రం మరలు మూలలకు మరీ దగ్గర కాకుండా, ఒకదానికొకటి 600 మిల్లీమీటర్లు మించకుండా పడాలి.
- చట్రానికీ గోడకూ మధ్య సందులో ఫోమ్ (ఉబ్బే నురుగు) కొద్దిగా కొట్టాలి. దట్టంగా కొడితే ఉబ్బి చట్రాన్ని వంచేస్తుంది. ఎండ తగిలే చోట వదిలేస్తే పొడి అయిపోతుంది, పైన మూయాలి.
- బయట వేసే సిలికాన్ పుల్లటి వెనిగర్ వాసన వస్తే వద్దనండి. ఆ రకం సిమెంటును సరిగా పట్టుకోదు, లోహాన్నీ తింటుంది. న్యూట్రల్ రకం అడగండి.
- రక్షణగా అంటించిన ప్లాస్టిక్ పొర పని ముగియగానే పీకేయండి. ఎండలో నెలల తరబడి వదిలితే తర్వాత గోళ్ళరిగినా రాదు.

ఇక జరిపే కిటికీ కింది పట్టాకు బయటివైపు చిన్న రంధ్రాలుంటాయి. లోపల పడ్డ నీళ్ళు పోయే దారి అది. మా ఇంట్లో పూత పని చేసిన కుర్రాడు వాటిని చూసి, పాపం మంచి మనసుతోనే, సిలికాన్‌తో నీటుగా మూసేశాడు. నేనూ బాగుందనుకున్నాను. నవంబరు మొదటి వానకు పట్టా తొట్టిలా నిండి నీళ్ళన్నీ హాల్లోకి పొర్లాయి. కిటికీ నాసిరకం అని అమ్మినవాళ్ళ మీద కేకలు వేశాను, వాళ్ళొచ్చి ఒక మేకుతో రంధ్రాలు పొడిచారు, అంతే. సిగ్గుతో టీ ఇచ్చి పంపాను.

10. ఆఖరి వాయిదా డబ్బు ఇచ్చేముందు

- గట్టు మీద గోలీ పెట్టండి. బయటికి దొర్లాలి. కదలకపోయినా, లోపలికొచ్చినా బేల్దారిని ఆపండి.
- రెక్కను సగం తెరిచి వదలండి. దానంతట అది కదిలితే చట్రం నిలువుగా లేదు.
- చట్రం ఐమూలలు మళ్ళీ కొలవండి. రెండూ ఒకటే రావాలి, రెండు మూడు మిల్లీమీటర్లు అటూఇటూ అయినా ఫర్వాలేదు.
- రెక్క తెరిచే కిటికీలో పేపరు ముక్క పెట్టి మూసి లాగండి. సులువుగా జారిందంటే అక్కడ రబ్బరు పట్టలేదు. నాలుగు పక్కలా చూడండి.
- బయట గాలి వీస్తున్నప్పుడు మూసిన రెక్క అంచుల వెంట అగరబత్తి తిప్పండి. పొగ ఎక్కడ వణికితే అక్కడ సందుంది.
- యూపీవీసీ చట్రానికి అయస్కాంతం ఆనించి పొడుగునా జరపండి. ఎక్కడా పట్టుకోకపోతే లోపల ఇనుము లేదు.
- పైపుతో కింది అంచు నుంచి మొదలుపెట్టి పైకి, ఒక్కో పక్కా ఐదు నిమిషాలు నీళ్ళు కొట్టండి. పైనుంచి మొదలుపెడితే ఎక్కడ కారుతోందో తెలియదు. లోపల ఒకరు టార్చితో నిలబడాలి.

"ఏం కాదన్నా, వాడేకొద్దీ సెట్ అయిపోతుంది" అంటారు. వాడేకొద్దీ సెట్ అయ్యే కిటికీని నేనింతవరకు చూడలేదు. లోపం అక్కడికక్కడే రాయించి, సరిచేశాకే డబ్బివ్వండి. మొత్తంలో పదోవంతయినా చేతిలో ఉంచుకుంటే ఫోను ఎత్తుతారు.

తర్వాత చేయాల్సింది కొంచెమే. నెలకోసారి పట్టాలో దుమ్మును పాత పళ్ళ బ్రష్షుతో తోయండి. దసరాకు ఇల్లు దులిపేటప్పుడు నీళ్ళు పోయే రంధ్రాల్లో చీపురుపుల్ల పెట్టి చూసి, ఒక చెంబెడు నీళ్ళు పట్టాలో పోయండి. అర నిమిషంలో బయటికి పోవాలి.